గొడ్డు వెళ్ళిన వేళ

వానాకాలం ముగిసిందని మటబురాలో ఎవరూ పైకి అనరు.
చినుకు ఇక రాదని తెలిశాక
ఏప్రిల్ ఆఖరున నాకు ఫోను చేస్తారు.

నా పనిముట్లు తక్కువ:
అర మీటరు ఇనప చట్రం, ఉన్ని కత్తిరించే కత్తెర,
కొత్తిమీర తూచడానికి సరిపోయే కాటా.
చట్రాన్ని కళ్ళు మూసుకునే విసురుతాను.
తెరిచి ఉంటే చెయ్యి మంచి గడ్డి వైపే పోతుంది.
ఆశ ఉన్న చేతులన్నీ అంతే.

కాళ్ళ కింద నల్లరేగడి.
ఆదోని వైపు పత్తి పండే మన్ను లాంటిదే,
నెర్రె విచ్చే తీరూ అదే.
తెలిసిన మనిషి ముఖం
పరాయి సంతలో కనబడి, పలకరించనట్టు.

మిచెల్ గడ్డి కుదుళ్ళు బూడిదరంగుకి తిరిగాయి.
చచ్చాయనుకుంటాం.
మొదట్లో గోటితో గీరితే
లోపల నూకంత తెలుపు.
ఆ తెలుపు దాకా మేపితే మళ్ళీ లేవదు.
నాకు తెలిసిన శాస్త్రం ఇంతే,
తక్కినదంతా కూడికలూ భాగహారాలూ.

"ఎన్నింటికి?" అంది నెరిడా
జీపు బానెట్ మీద కాగితం గాలికి ఎగరకుండా మోచేయి ఆనించి.
ఉన్న నోళ్ళు ఆరువందల నలభై.
డిసెంబరు దాకా గడ్డి, నాలుగువందల పదికి.
"వాన రావచ్చు కదా" అన్నాడు తమ్ముడు క్లెమ్.
రావచ్చు, అన్నాను. ఆ మాటని కాటాలో వేసి చూడలేం.
కంచె అవతలి వాళ్ళూ నిరుడు అదే అన్నారు.
ఇప్పుడు అటునించి గాలి వీస్తే
పళ్ళ కింద వాళ్ళ పొలం కరకరలాడుతుంది.

ఎవరు వెళ్ళాలో తెల్లారుజామున ఆమే ఎంచింది:
పళ్ళరిగినవి, ఈ ఏడు చూడి కట్టనివి,
కంచె దూకే పొగరుబోతు ఎర్రావు ఒకటి.
దాన్ని మటుకు లారీ ఎక్కే దారిలోంచి వెనక్కి మళ్ళించింది.
కారణం చెప్పలేదు. నేనూ అడగలేదు.

మూడు పెట్టెల లారీ, రెండేసి అంతస్తులు.
రేకు మీద గిట్టల చప్పుడు, అచ్చం వడగళ్ళ వాన.
క్లెమ్ అలవాటుగా పైకి చూశాడు.

దుమ్ము అణిగాక ఏదో ఒకటి అనాలి కనక
"గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ" అంటామని చెప్పాను.
ఇంటికి కలిసొచ్చినా, రాకున్నా, ఆ గడియనే తలుచుకుంటామనీ.
"మరి వెళ్ళిన వేళకి?" అంది.
వెతికాను. ఎక్కడా దొరకలేదు.
పుస్తకం తీసి తారీకు వేశాను:
తూర్పు మేత, ఏడో చట్రం, ఇరవై ఒక్క గ్రాములు.

తలెత్తేసరికి
ఎర్రావు అప్పటికే కంచె దూకేసింది.
పక్కవాళ్ళ బోడి నేలలో నిలబడి
అటు ఏమీ లేదని తెలిసి
మా గడ్డిని చూస్తోంది.