పదకొండు కిలోలు

మేస్త్రి పుస్తకంలో నా పేరుకెదురుగా
మాఘంలో నలభై కిలోలు.
శివరాత్రికి ముప్పై.
ఉగాది దాటాక పదకొండు.

"ఏందే ఆదెమ్మా, ఒళ్ళొంగట్లేదా" అన్నాడు.
ఒళ్ళు ఒంగుతానే ఉంది.
ఒంగింది మళ్ళీ లెగవటమే లేదు.

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ పక్కన రేకుల షెడ్డు,
నలభై మంది ఆడోళ్ళం, మధ్యలో తేజ కాయల గుట్ట.
తొడిమ గిల్లాలి. కాయ గంపలోకి, తొడిమ పక్కకి.
దీనికి బుర్రెందుకు,
చేతులే చేసుకుపోతయ్యి అనుకునేదాన్ని.
చేతుల వెనక ఒకామె కూర్చుని ఉండాలని
ఆమె లేచి వెళ్ళిపోయాకే తెలిసింది.

తెల్లారి నాలుగున్నరకి పంపు వచ్చిద్ది.
మంచం నించి పంపుకి తొమ్మిది అడుగులు.
బిందె పెట్టాలి అనుకుంటాను.
అనుకోవటంలోనే నీళ్ళు ఆగిపోతయ్యి.
పప్పులో ఉప్పేశానా లేదా అని నిలబడతాను,
గరిటె చేతిలోనే ఉంటది, పప్పు అడుగంటిద్ది.
పిల్ల దాని జడ అదే వేసుకోవటం నేర్చుకుంది.
పాపిడి వంకరగా ఉంది.
చూశాను.
చూసి, గోడవైపు తిరిగి పడుకున్నాను.

రాత్రి మూడింటికి మెలకువ.
పైన ఫ్యాను, కింద నేను.
ఏడుపన్నా రాదు.

మా అత్త గాలి సోకిందంది, తాయెత్తు కట్టించింది.
మా ఆయన బద్ధకం అన్నాడు,
తర్వాత ఏమీ అనటం మానేశాడు.
పాపం, ఆయనకి మాత్రం ఏం తెలుసు.
నల్లచెరువు బజారంతా "దేనికే దిగులు" అని అడిగింది.
దేనికో చెప్పగలిగితే అది దిగులే.
ఇది దేనికీ కాదు.
గ్రేడింగులో పక్కన పడేస్తాం చూడు తాలుకాయలు,
ఆకారం కాయే, తొడిమ ఉంది, గింజలూ ఉన్నయ్యి,
రంగు మాత్రం ఎటో పోయింది.
అట్టా.

షెడ్డులో అందరి కళ్ళల్లోనూ నీళ్ళే, కారం ఘాటుకి.
ఇక్కడ ఎవరి కన్నీళ్ళూ లెక్కలోకి రావు.
సువార్త నా కళ్ళు చూడలేదు, నా గంప చూసింది.
గంప నిండా తొడిమలు.
పక్కన చెత్తలో, ఎర్రగా, కాయలు.
మేస్త్రి ఇటు రాకముందే రెండు చేతుల్తో మార్చేసి
మూతికి కట్టుకున్న చెంగులోంచే అంది:
"మా అన్నకీ ఇట్టాగే వచ్చింది. రేపు సోమవారం. నాతో రా."

జీజీహెచ్‌లో ఓపీ చీటీ, పొడుగాటి వరస.
నా ముందు ఒక బ్యాంకు ఆయన, చొక్కా ఇస్త్రీ నలగలేదు.
నా వెనక కాలేజీ పిల్ల, గోళ్ళు కొరుక్కుంటా.
వీళ్ళకి కూడానా అనుకున్నాను.
డాక్టరమ్మ నాకంటే చిన్నది.
నిద్ర అడిగింది, ఆకలి అడిగింది,
చచ్చిపోవాలనిపిస్తందా అని కూడా అడిగింది,
కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా.
ఎవ్వరూ అడగని ఆ మాటకి నాకు నోరొచ్చింది.
అప్పుడొచ్చింది ఏడుపు కూడా,
కారం లేని గదిలో.
"ఇది జబ్బమ్మా, బద్ధకం కాదు.
మాత్రలు పనిచేయటానికి మూడు నాలుగు వారాలు పడతయ్యి.
మధ్యలో మానొద్దు."

మాత్రలకి నోరెండిపోయింది.
మొదటి వారం ఏమీ లేదు. రెండో వారమూ అంతే.
మూడో వారంలో ఒకరోజు బిందె నిండింది.
మర్నాడు నిండలేదు.
ఆదివారం పిల్లని ముందు కూర్చోబెట్టుకుని
పాపిడి తీశాను.
అది కదలకుండా కూర్చుంది,
కదిలితే నేను మళ్ళీ పోతానేమో అన్నట్టు.

ఇయ్యాల మేస్త్రి పందొమ్మిది రాశాడు.
మధ్యాన్నం గాలి మళ్ళి గుట్ట మీద దుమ్ము లేచింది.
నాకు తుమ్మొచ్చింది, వరసగా మూడు.
"నూరేళ్ళు" అంది సువార్త, తలెత్తకుండానే.

నూరేళ్ళెందుకే తల్లీ,
రేపు నాలుగున్నరకి
తొమ్మిది అడుగులు చాలు.