ఆరు శాతం

పొద్దున ఐదున్నరకు హన్మకొండల తలుపు దగ్గరేసేటప్పుడు
నా బిడ్డ ఇంక నిద్రలనే ఉంటది.
ఏడున్నరకు పసుపుపచ్చ బస్సొచ్చి ఎక్కించుకపోతది,
గదికో ఏసీ, గోడకో తెర, ఫీజు మూడు కిస్తులు.
నేను ఏటూరునాగారం బస్సుల
పస్రా దాకా కునుకు తీస్త.

దిగినంక ఆటో.
వాన పడితే ఆటో లేదు, చెప్పులు చేతిల.
ఒక గది, ఐదు తరగతులు, నేను.
వంట చేసే ముత్తక్కకు ఆర్నెల్ల బిల్లు రాలే,
అయినా పప్పుల ఉప్పు సరిగ్గనే ఏస్తది.

ఇయ్యాల శాతాలు.
లెక్కల పుస్తకాలు ఇంక మండలంలనే మూటలిప్పలేదు,
అందుకని నా జీతం కాయితమే బోర్డు మీద రాసిన.
ఇంటద్దె భత్యం:
పట్నంల పనిజేసేటోళ్లకు పదిహేడు,
ఈడ పనిజేసేటోళ్లకు పదకొండు.
తీసేయమన్న.

కుర్సం రజిత లేసింది. "ఆరు సార్."
కూసోలే.
"ఆ ఆరు ఎటు పోయింది సార్?"

పట్నంల కిరాయిలెక్కువ బిడ్డా, అన్న.

"ఈడ కిరాయికి ఇల్లే లేదు గద సార్.
అందుకేనా మీరు దినాం పోతరు?"

అంగి జేబుల బదిలీ దరఖాస్తు,
మొదటి ఆప్షన్ కాజీపేట.
ఇననట్టే డస్టర్ దులిపిన.
సుద్దపొడి నా మీదికే వచ్చింది.

గంట కొట్టినంక బోర్డంత రజితనే తుడిసింది.
ఆరును మాత్రం ఉంచింది,
చుట్టూ సున్నా చుట్టి.
"లెక్క ఒడవలే గద సార్" అన్నది.

నాలుగున్నరకు ఆఖరి బస్సు.
ఉరికిన.