కొలగంప

రుషికొండ మీద మూడో అంతస్తులో
ఏసీ చలికి చున్నీ కప్పుకుని
చేపల వేలం యాప్ రాస్తున్నాను.
మధ్యాహ్నం హార్బరు నుంచి ఫోను.
వాసుపల్లి పోలమ్మ. గొంతు వెనక కాకులు, డీజిలింజను.
"ఏటమ్మా,
పొద్దున్న పాటలో నా గంప ఇరవై రెండు కేజీలన్నాది నీ పోను.
బిల్లుకాడికొచ్చీసరికి ఇరవయ్యే అంటంది.
మద్దిలో రెండు కేజీలు ఒవులు తినీసినారు?"

తిన్నది నేనే.
ఒక ఫైల్లో ఇరవై రెండని రాశాను.
ఇంకో ఫైల్లో భానుతేజ, ఉద్యోగం మానేసే వారంలో,
ఇరవై కొట్టి వెళ్ళాడు.
రసీదు తెరలో ఇరవై ఒకటిన్నర.
అదెవరిదో అడుగుదామంటే పాతవాళ్ళెవరూ మిగల్లేదు.
వెతికితే ముప్పై ఏడు చోట్ల
పేరు లేని అంకెలు.
చీకట్లో జెల్ల ముల్లు మీద కాలేసినట్టు
ఒక్కొక్కటే తగిలింది.

మర్నాడు నాలుగింటికే స్కూటీ మీద జెట్టీకి దిగాను.
డాల్ఫిన్ నోస్ మీది దీపం ఇంకా తిరుగుతోంది.
రొయ్యల తడిలో చెప్పులు జారుతున్నాయి.
షెడ్డులో మేకుకి ఒక గంప,
అంచుకి తారు పూసి, ఎర్ర పీలిక కట్టి.
దాంతో ఎవరూ చేపలు మొయ్యరు.
అది కొలవడానికే.

ఎవరూ దాని దగ్గరకి వెళ్ళరు కూడా.
కూర్చున్న చోటినుంచే కేక: "కొలగంపా!"
వించి తాడుకి రెండు వేళ్ళిచ్చి
వేట మానుకున్న ఎల్లాజీ
మేకు మీంచి తీసి చేతికిస్తాడు.
"తక్కెడా!" అన్నామెకి తక్కెడ.
ఐసు లెక్క అడిగినవాడికి ఐసు లెక్క.
ఎక్కణ్ణించి తెచ్చావని ఎవరూ అడగరు.
ఏం కావాలో నోరు తెరిచి చెప్పాలి, అంతే.
చెప్పనివాడికి ఎల్లాజీ ఏమీ ఇవ్వడు.

అక్కడే ఒక ఖాళీ డబ్బా మీద కూర్చుని
ముప్పై ఏడు అంకెల్నీ పీకేశాను.
యాప్ అంతటికీ ఒకే మేకు.
దానికి ఒకే కాన్‌స్టెంట్: గంపకేజీలు, ఇరవై రెండు.
ఇక వేలం ఫంక్షనూ, బిల్లూ, రసీదూ
గుమ్మంలోనే, బ్రాకెట్ల మధ్య,
తమకేం కావాలో పేరు పెట్టి అడుగుతాయి.
ఫ్రేమ్‌వర్క్ తెచ్చి చేతిలో పెడుతుంది.
యాప్ ఇంకా కళ్ళు నులుముకుని సర్దుకునే వేళకే
గంప మేకు మీద ఉంటుంది.
సర్వీసులు ఆ వేళకి నిద్రే లేవవు.

కోడు కుదించి సర్వరుకెక్కించేసరికి
తెర తెల్లబోయింది.
ఫైలు చిన్నది చేసే యంత్రం
గంపకేజీల్ని "గ" దగ్గర కత్తిరించేసింది.
"గ అంటే ఒవులు?" అని నిలబడిపోయాడు
నా కోడు లోపలి ఎల్లాజీ.
పేరుని కోట్స్‌లో పెట్టి మళ్ళీ రాశాను.
కోట్స్ లోపలికి కత్తెర దూరదు.

పరీక్షించేటప్పుడు మాత్రం
ఒక దొంగ గంప అందించాను, కేజీది.
బిల్లు కనిపెట్టలేదు. చక్కగా లెక్క వేసి ఇచ్చింది.
దానికి అడగడమే వచ్చు,
అనుమానించడం రాదు.
పరీక్ష పాసైంది. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శనివారం పోలమ్మకి చూపించాను.
పాటలో ఇరవై రెండు. బిల్లులో, రసీదులో అదే.
చెంగుతో తెర తుడిచి, ఒక పొలుసు అంటించి, చూసింది.
"బాగుంది గానమ్మా,
ఇరవై రెండని నీకు ఒవులు సెప్పినారు?"
ఎల్లాజీ అన్నాను.
"మరి ఎల్లాజీకి?"

మేకు వైపు చూశాను. గంప లేదు.
ఎవరో కేకేసినట్టున్నారు.

"వానలకి వెదురు సాగుతాది. కడుపు పెరుగుతాది.
ఏటేటా ఎండబెట్టి, అందరం సుట్టూ కూకుని
మళ్ళీ తూసుకుంతాం.
ఒక్కరు కాదన్నా మళ్ళీ తూస్తాం."

ఫైలు తెరిచాను.
ఇరవై రెండు పక్కన,
యంత్రం చదవని చోట,
ఒక కామెంటు రాసుకున్నాను:
వానలు వెలిశాక
జెట్టీకి వెళ్ళి అడగాలి.