రెండు వేళ్ళు

పుదుప్పేట సందులో మా షెడ్డు
ఎండకు పెనం, వానకు డప్పు.
సుగిర్తా టీచరు బండి జాకీల మీద ఇది నాలుగో రోజు.
చిన్నప్పుడే పోలియో తిన్న ఎడమకాలు ఆమెది.
ఆ కాలు తొక్కాల్సిన క్లచ్చు పని
ఈ బండిలో ఒక ఇనప గుమ్మడికాయ చేస్తుంది,
కడుపులో నూనె సుడులు తిప్పుకుంటూ.
టార్క్ కన్వర్టర్.
ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య పెద్దమనిషి,
ఒకరినొకరు తాకకుండానే కాపురం నడిపించే రకం.

పాతది వణుకుతోందని తీసి కొత్తది పెట్టాను.
ఇంజను హాయిగా అందుకుంది.
డి లోకి లాగితే కదల్లేదు.
ఆర్ లోకీ అంతే.
అడుగునుంచి సన్నగా ఒకటే ఏడుపు,
పాలు పడని పసిగుడ్డులా.

ఆయిలనుకున్నా ముందు. డిప్‌స్టిక్కు ముంచి, తుడిచి,
మళ్ళీ ముంచి చూశా: గీతల మధ్యనే ఉంది.
కేబులనుకున్నా. లివరు చెప్పినచోటే వాల్వూ ఉంది.
లాప్‌టాప్ కుర్రాడొచ్చి ఆరొందలు పుచ్చుకుని
"తప్పేం చూపించట్లేదన్నా" అని పోయాడు.
కంప్యూటరుకి కనపడేచోట చేస్తామా తప్పులు!

చివరికి ప్రెషర్ గేజి బిగించాను.
ముల్లు సున్నా మీదే,
లేపినా అటు తిరిగి పడుకునే మనిషిలాగ.
అప్పుడు చల్లబడ్డాయి నా చేతులు.

టీచరు స్టూలు మీద లెక్కల పేపర్లు దిద్దుతోంది.
ఏమైందని అడగలేదు.
అడిగుంటే బాగుండేది.

గేర్‌బాక్సు మళ్ళీ దించాం, నేనూ మస్తానూ.
పంపు గేరు చెవులు రెండూ విరిగి
అడుగు ఆయిల్లో మెరుస్తున్నాయి.
గుమ్మడికాయ పూర్తిగా కూర్చోలేదు.
కూర్చోకముందే బోల్టులేసి బిగించేశాను,
ఏడ్చే పిల్లాణ్ణి బళ్ళోకి తోసి గడియ పెట్టినట్టు.
రూపాయి బిళ్ళ పట్టే సందుందో లేదో
వేలు పెట్టైనా చూడలేదు.

మూడుసార్లు దిగాలది.
షాఫ్టు పళ్ళలోకి, స్టేటరు పళ్ళలోకి, పంపు చెవుల్లోకి.
మస్తాను సూళ్ళూరుపేట నుంచి వచ్చిన వారమే నేర్పాను:
"నేను నెడుతుంటా, నువ్వు టక్కులు లెక్కపెట్టి వేళ్ళు చూపించు."

ఆ రాత్రి వాన.
రేకుల కింద ఎవరి మాట ఎవరికీ లేదు.
టార్చి వెలుగులో వాడు రెండు వేళ్ళెత్తాడు.
రెండు టీలనుకున్నా.
"అల్లం వెయ్యమను!" అని అరిచాను.
వాడు ఒక్క క్షణం నన్నే చూసి
వానలోకి పరిగెత్తాడు.

ఆ టీ బాగుంది కూడా.

టీచరుకి అంతా చెప్పాను, సగం తమిళం సగం తెలుగు.
పంపు డబ్బు నాదే అన్నాను.
ఆవిడ ఎర్రపెన్నుకి మూత పెట్టి
"స్టెప్పులన్నీ రాశారు, ఒకటి వదిలేశారు.
ఐదుకి మూడేస్తా" అంది.

ఈసారి రేడియో కట్టేశాను.
పక్క షాపు ఏళుమలైని
రెండు నిమిషాలు లేతు ఆపమన్నాను.
తిప్పుతూ, నెడుతూ, తిప్పుతూ.
టక్.
చాలాసేపటికి, టక్.
ఆ తర్వాత ఏమీ లేదు. చెమట కంట్లోకి దిగింది.
మస్తాను ఊపిరి బిగబట్టాడు, నాకు వినపడింది.
మూడోది చప్పుడే కాదు నిజానికి,
చీకట్లో మెట్లయిపోయాయనుకున్నచోట
కాలికి దొరికే ఇంకో మెట్టు.

వాడు మూడు వేళ్ళెత్తాడు, మూడూ నల్లగా.
అది చూసి ఎదురుకొట్టు మణి
మూడు టీలు పంపించాడు.
వెనక్కి పంపలేదు ఎవరమూ.

సాయంత్రం బ్రేకు మీంచి కాలు తీయగానే
బండి తనంతట తనే సందులోకి పాకింది.
టీచరు ఎడమకాలు మ్యాటు మీద ఊరికే ఉంది.

విరిగిన చెవులు రెండూ తుడిచి
మస్తాను జేబులో వేసుకున్నాడు.
ఎందుకురా అని అడగబోయి
ఊరుకున్నాను.