మూడు ఎనిమిది నాలుగు

రాత్రి ఒంటిగంటా పావు తరవాత
కాలువలో నీళ్ళు లేవు.
అంటే, కంప్యూటరులో లేవు.
ఒంటిగంటకి లస్కరు ఇజ్రాయేలు లోపలికొచ్చి
మౌసు కదిపి టైము చూసుకున్నాడట.
ఆ తరవాత పొద్దున్న ఆరున్నరకి నేను కదిపాను.
కళ్ళు తెరిచి మళ్ళీ రాయడం మొదలెట్టింది:
నాలుగడుగుల రెండంగుళాలు, నాలుగడుగుల రెండంగుళాలు,
మధ్యలో రాత్రనేదే లేనట్టు.

అప్పటికే గుమ్మంలో మాచవరపు పాపాయమ్మ,
పిక్కల దాకా బురద.
"రెండు నుంచి నాలుగు మా వంతు.
తూము దగ్గర టార్చిలైటుతో నేనే ఉన్నాను.
పాదం మునగలేదు.
పైవాళ్ళు ఇంజన్లు పెట్టి తోడేశారు.
లాకు దగ్గర ఎంతుందో నీ లెక్క చూసి చెప్పు."

నా లెక్కలో ఏమీ లేదు.
"మిషను పడుకుంది" అన్నాను.
"నేను పడుకోలేదు కదా" అంది.

నల్ల కిటికీ తెరిచాను.
అందులో బొమ్మలుండవు, నొక్కడానికి మీటలుండవు.
అడిగితేనే చెబుతుంది, అదీ అడగడం వచ్చినవాళ్ళకి.
పవర్ సీఎఫ్‌జీ. కాస్త ఖాళీ. ఏటవాలు గీత. క్యూ.
పాపాయమ్మకి వినపడేలా పైకి చదువుతూ కొట్టాను,
సాక్షి సంతకం పెట్టించుకుంటున్నట్టు.

తలుపెత్తిన లాకులా వరసలు దిగిపోయాయి.
తెర ఎప్పుడు ఆర్పాలి, మూత వేస్తే ఏం చెయ్యాలి,
బ్యాటరీ ఎంతకి పడిపోతే కేకెయ్యాలి,
ఎవరో ముందే రాసిపెట్టుకున్న వీలునామా.
నిద్ర అన్నచోట ఆగాను.
అక్కడ రెండే వరసలు:
కరెంటున్నప్పుడు. కరెంటు లేనప్పుడు.
మొదటిదానికి ఎదురుగా
సున్నా, ఎక్స్, అయిదు సున్నాలు,
మూడు ఎనిమిది నాలుగు.

అది పదహార్ల లెక్క.
అణాల కాలంలో అయితే ఊరంతా నోటికి చెప్పేది.
నేను డిశ్చార్జి కాగితం వెనక పెన్నుతో వేశాను:
మూడు రెండువందల యాభై ఆర్లు,
ఎనిమిది పదహార్లు, పైన నాలుగు.
తొమ్మిది వందల సెకండ్లు.
పదిహేను నిమిషాలు.

"ఎవరు పెట్టారు?" అంది.
ఆ ప్రశ్నకి అందులో కమాండు లేదు.
ఉన్నా నేను కొట్టనక్కర్లేదు.

కిందటి వేసవి. కాలువలు కట్టేశారు.
అడుగున పూడిక, పగుళ్ళు,
తెగిన చెప్పులు, ఒక స్కూటరు చక్రం.
కరెంటు బిల్లు చూసి ఏఈ గారు మూలిగితే,
రాయడానికి నీళ్ళే లేవు, ఇదెందుకు మేలుకోవడం అని
ఇదే నల్ల కిటికీలో, ఇవే వేళ్ళతో
పదిహేను అని కొట్టింది నేను.
జూన్‌లో నీళ్ళొదిలారు.
నిద్ర తియ్యడం మర్చిపోయాను.

వెనక్కి తిప్పి చూస్తే
సార్వా అంతా రాత్రులు ఖాళీ.
ఒక్కరూ అడగలేదు.
గట్లు పొర్లుతుంటే గేజీ ఎవరిక్కావాలి?
దాళ్వా వచ్చి, వంతులు పెట్టి,
ఆ వంతు శివారు దాకా వెళితే గానీ
నా ఖాళీ నాకు కనపడలేదు.

ఊరికే ఇంకోటి అడిగాను దాన్ని:
చివరిసారి నిన్ను లేపిందెవరు?
తెలియదంది.
నా చెయ్యింకా మౌసు మీదే ఉంది.

కరెంటున్నప్పుడు: సున్నా. ఎంటర్.
కరెంటు లేనప్పటి వరస జోలికి పోలేదు.
పాత బ్యాటరీ, దాని వంతు దానికుండాలి.

తరవాత చేతిరాత రిజిస్టరు దించి దుమ్ము దులిపాను.
రెండు నుంచి నాలుగు, శివారు తూము,
పాదం మునగలేదు. చూసినది: మాచవరపు పాపాయమ్మ.
ఈ రాత ఏఈ గారు ఒప్పుకుంటారో లేదో.
గేజీ అడుగుల్లో కొలుస్తాం,
పాదమూ అడుగే కదా.

టీ గ్లాసులతో వచ్చాడు ఇజ్రాయేలు,
తెర మీదికి వంగి చూశాడు.
"సున్నా అంటే?"
"ఇంక పడుకోదు."
కాసేపు ఊరుకుని,
"ఆదివారం కూడానా?" అన్నాడు.