పేగులే

ఆమె పేరు ఫ్రూమె.
మా లేసు పాకలో ఆ పేరు ఒక్క పూటయినా నిలవలేదు,
సాయంత్రానికి ప్రేమమ్మ అయిపోయింది.

దారం కంపెనీ లెక్కలు చూడ్డానికొచ్చింది.
అల్లిక లాంతరు ముందు పట్టి తప్పిన ముడి చెప్పేసేది,
కూలి మాత్రం కోసేది కాదు.
రోహిణి కార్తెలోనూ మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు.
మా వాళ్ళెవరూ అడగలేదు.
అడక్కూడనివి కొన్ని ఉంటాయని
ఆడవాళ్ళకి ఇంకొకరు చెప్పాలా?

నరసాపురమే ఎందుకంటే,
పట్టాలు ఇక్కడితో అయిపోతాయని విందట.
రైలు దిగిన రోజు పెట్టె స్టేషన్లోనే వదిలి
చివరి దాకా నడిచి చూసిందట.
గేటు లేదు. కుక్కల్లేవు.
రెండు దుంగలు, పల్లేరు కాయలు, ఈనిన మేక.
ఆ మేక దగ్గర పొద్దు వాలేదాకా కూర్చుందని
పాయింట్లు మార్చే జోగిరాజు చెప్పేవాడు.

వాళ్ళ ఊరు లోజ్. అక్కడ టిక్కెట్టు పెట్టి పాడేదట.
తరవాత చుట్టూ కంచె వేశారు,
కంచె లోపల రొట్టె ముక్కకి పాడింది.
ఆ తరవాతది చెప్పలేదు.
కాలవ గట్టున ఇటుక బట్టీ అంటించిన రోజు
కిటికీలు బిగించుకుని మర్నాటి దాకా తెరిచేది కాదు.

పాట మాకు సఖినేటిపల్లి పంటు మీద దొరికింది.
అమ్మ ఒళ్ళో తమ్ముడు జొరంతో మూలుగుతుంటే
వశిష్ఠకేసి చూస్తూ ఎత్తుకుంది,
లు లు లు అని.
లాలే గదా! అమ్మ అందుకుంది.
రెండో చరణంలో మాట తిరగలేదు.
ఆమె ఫేగెలె అంది,
అమ్మ పేగులే అంది.

పంటంతా నవ్వు.
పేగంటే ఏంటని అడిగింది ప్రేమమ్మ.
ఎలా చెబుతాం?
చేపల తట్ట దించి, మల్లాడి సుభద్ర
తన పొట్ట మీద చెయ్యేసుకుని
"బిడ్డ ఆకలంటే కదిలేదమ్మా" అంది.

ఆమె నవ్వలేదు, ఏడవలేదు.
రేవు తగిలి తాళ్ళేసేదాకా
ఇనప కమ్మీ పట్టుకునే ఉంది.

ఫేగెలె అంటే పిట్ట అని, బుల్లి పిట్ట అని
ఆమె పోయిన పదేళ్ళకి తెలిసింది,
విశాఖపట్నం నించి టేపు రికార్డరు మోసుకొచ్చిన కుర్రాడి వల్ల.
"ఒక్క మాట తప్పు పాడుతున్నారండీ" అన్నాడు.

ఆమెకి తెలుసు బాబూ.
ఆ పంటు దిగిన కాణ్ణించి
ఆమె కూడా పేగులే అనే పాడింది.