మూడుసార్లు వండినది

ముక్కు పెట్టి బతికినవాణ్ణి నేను.
టంగుటూరు వేలం ఫ్లోరులో ముప్పై రెండేళ్లు
చెక్కు విప్పి, ఆకు మడిచి, ఒక్క పీల్పు.
ఏ బ్యారన్‌లో ఏ రాత్రి మంట మందగించిందో
రైతు నోరు తెరవకముందే చెప్పేవాణ్ణి.

అందుకే కాబోలు ఆ ఏడు
ఆకు కొనడానికొచ్చిన ఐర్లాండు మనిషి డెక్లన్
పోతూ పోతూ ఒక సీసా చేతిలో పెట్టి
తాగడానికి తొందరపడకు,
ముందు వాసన చూడు అన్నాడు.

చూశాను.
మొదట ఘాటు. ఆసుపత్రి వరండా.
రెండు చుక్కల నీళ్లు పోసి మళ్లీ వంగితే
తేనె కాదు,
తేనెపట్టు పిండాక వేళ్లకంటిన మైనం.
నానిన గింజ. మగ్గిన సపోటా, తొడిమ దగ్గర.
అన్నిటికీ అడుగున, చాలా దూరంగా, ఒక చెక్క.
ఎప్పుడో ద్రాక్షసారా తాగి
ఇప్పటికీ మరిచిపోలేని చెక్క.

అక్కణ్ణుంచి మొదలు.
ఒంగోలు ఇంట్లో పడమటెండ తగలని గోడకి
టేకు బీరువా. ఇప్పటికి పద్నాలుగు సీసాలు.
కొన్ని మస్కట్ నుంచి మా బావమరిది లుంగీల్లో చుట్టుకొచ్చాయి,
ఒకటి పొలం కౌలు డబ్బు. ఇంట్లో చెప్పలేదు.
ఇవి పడుకోకూడదు. పడుకుంటే
మందు బిరడాని తినేస్తుంది.
గుర్రాల్లాగా నిలబడే నిద్రపోతాయి.

అమ్మ ఒక్కసారే ఆ తలుపు తీయించింది.
తొంభై రెండులో సారా జీపుకి అడ్డంగా
కొంగున కారం మూట కట్టుకుని కూర్చున్న మనిషి.
ఒక్కో సీసానీ పై నుంచి కింది దాకా చూసి
"ఇది సారా కాదా?" అంది.
"సారానే. మూడుసార్లు వండింది."
"మూడుసార్లు వండితే పాపం పోద్దా?"
నాన్న పేరు ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు.
తలుపు తనే వేసింది, మెల్లగా,
లోపల ఎవరో పసివాడు పడుకున్నట్టు.

మొన్న రోహిణికార్తెలో
మూతపడిన బట్టీది, నా దగ్గరున్న ఒకే ఒక్కటి,
మట్టం రెండు వేళ్లు దిగింది.
సీలు చెక్కుచెదరలేదు. బిరడా ఎండి బీటలిచ్చింది.
అక్కడ పీపాల్లోంచి ఏటా ఆవిరయ్యేదాన్ని
దేవదూతల వాటా అంటారట.
మన ఎండకి వాటా చాలదబ్బా,
అది కౌలు వసూలు చేస్తుంది.

ఇక దాచేదేముంది.
కొండపి నుంచి మాలకొండయ్యని పిలిచాను.
నలభై సీజన్లు బ్యారన్ పొయ్యిలోకి కట్టె ఎగదోసి
కనుబొమ్మలు మళ్లీ మొలవని మొహం.
గ్లాసు అందుకుని కళ్లు మూశాడు.
ఎంతసేపటికీ తెరవడే.
బయట ఎవరో పుచ్చకాయల బండి కేకేసుకుంటూ పోయారు.

"ఆరో రాత్రి సార్," అన్నాడు చివరికి,
"ఆకు ఎండిపోయి ఈనె ఇంకా ఎండనప్పుడు
తెల్లారుగట్ల తలుపు సందులోంచి
వచ్చుద్దే, అది."

ఇన్నేళ్లూ నా పుస్తకంలో ఆ సీసా పక్కన
పొగ అని రాసి, కొట్టేసి, మళ్లీ రాసి
ప్రశ్నార్థకం పెట్టుకున్నది అదే.

తాగమన్నాను.
గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.
"వాసన చాల్లే సార్.
మిగతాది మా ఇంట్లో అందరికీ తెల్సు."

నేను మాత్రం తాగాను, ఒక్క చెంచాడు.
అతని ముందు తాగడానికి సిగ్గేసింది,
అయినా తాగాను.

ఆ రాత్రి గ్లాసు కడగలేదు.
తెల్లారాక ఎండిన గ్లాసు అబద్ధం చెప్పదని
డెక్లన్ అనేవాడు.
పొద్దున లేచి, మొహమైనా కడక్కుండా వంగాను.

ఈనె.
కట్టె బూడిద.
ఇంకొకటి కూడా ఉంది, చిన్నప్పుడు
దండెం మీది చొక్కాలో మొహం దాచుకున్నప్పటిది.

దానికి గ్రేడు వేయలేదు.